పోట్లాట పాఠం

నా స్టేజీ మీద ఎవరో వంటిల్లు కట్టేశారు.

ఇది వర్ణన కోసం అంటున్న మాట కాదు. సెలవు మీద ఊరెళ్లి వచ్చి, పొద్దున్నే ఆడిటోరియం తలుపు తీసేసరికి స్టేజీకి ఎడంపక్క గట్టు, గట్టు మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె, గిన్నె మీద మూత కనిపించాయి. కుడిపక్క సోఫా, టీపాయి, చెప్పుల స్టాండు. ఆ స్టాండులో చెప్పులు కూడా ఉన్నాయి! మధ్యలో ఉన్న నా స్పాట్‌లైటు స్టాండుకి ఎవరో తడి తువ్వాలు ఆరేశారు. ఆ తువ్వాలు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

మాది అంతర్జాతీయ సాంస్కృతిక కేంద్రం. పెద్ద ఊళ్లో, పెద్ద రోడ్డు మీద, పెద్ద అద్దాల భవనం. కింద లైబ్రరీ, ఆ పైన డాన్సు హాలు, ఆ పైన సంగీతం గదులు, అన్నిటికంటే పైన భాషల క్లాసులు. మెట్లెక్కుతుంటే ఒక దేశం డప్పూ ఇంకో దేశం వయొలినూ ఒకేసారి చెవిలో పడతాయి. బయటి దేశాల వాళ్ల కళలు మనవాళ్లు నేర్చుకోవడానికీ, మన భాష వాళ్లు నేర్చుకోవడానికీ పెట్టిన చోటది. అందులో ఆడిటోరియానికి దిక్కూ మొక్కూ నేనే. లైట్లు, తెరలు, మైకులు, స్టేజీ అన్నీ నా చేతి కింద ఉంటాయి. నన్నడక్కుండా అక్కడ ఎవరూ మేకు కూడా కొట్టరు. అలాంటిది ఏకంగా కాపురమే పెట్టేశారు.

స్టేజీ మీద కుర్చీల్లో కొంతమంది విదేశీయులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఒకావిడ అటు తిరిగి నిలబడి గరిటె ఊపుతూ ఏదో చెబుతోంది. నేను దబదబా మెట్లెక్కాను.

"ఏంటండీ ఇదంతా? ఎవరినడిగి పెట్టారు? ఇదేమన్నా మీ ఇల్లనుకున్నారా?"

ఆవిడ ఇటు తిరిగేలోపే ముందు కుర్చీలోని పొడుగాటి విదేశీ అమ్మాయి లేచి నిలబడింది. ముఖం నిండా నవ్వుతో, మాట మాటా విడదీసి పలికింది.

"రండి. ఇప్పుడే ఆఫీసు నుంచి వస్తున్నారా? చాలా అలసిపోయారు. మంచినీళ్లు తాగుతారా?"

"నేను మంచినీళ్ల కోసం రాలేదు!"

పక్కనున్న తెల్ల గడ్డం పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "అయితే కాఫీ తాగుతారా?" అన్నాడు.

గరిటె ఆవిడ నా వైపు తిరిగింది. నవ్వాపుకోలేక ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. అంత కోపంలోనూ ఆ కళ్లు నేను చూశాను. చూశానన్న విషయం నాకు నచ్చలేదు.

"భర్త వచ్చాడనుకుంటున్నారు," అంది గొంతు తగ్గించి.

"ఎవరి భర్త?"

"నా భర్త. అంటే ఈ ఇంటాయన. ఇది మాట్లాడుకునే క్లాసండీ. ఇల్లు, అందులో భార్యాభర్తలు ఉంటారు, వీళ్లు చుట్టాల్లాగా వచ్చి మాట్లాడతారు. భర్త వేషం వేసే అకౌంటెంటు గారికి మెడ పట్టేసింది. కాసేపు నిలబడండి ప్లీజ్, పాఠం పాడైపోతుంది."

"మీ పాఠం పాడైతే నాకేంటి? నా స్పాట్‌లైటు మీద తువ్వాలేంటి?"

గరిటె పట్టుకున్న ఆవిడ చెయ్యి నడుం మీదికి వెళ్లింది. గొంతు ఒక్కసారిగా పెరిగింది.

"ఏమండీ! వచ్చీ రాగానే తువ్వాలు గొడవేంటండీ? పొద్దుట్నుంచి ఈ ఇంట్లో చాకిరీ చేస్తున్నది కనపడదు గానీ తువ్వాలు కనపడిందా?"

"ఎవరినండీ ఏమండీ అంటున్నారు? తీసెయ్యండి ముందు!"

"మీరే తీసుకోండి! చేతుల్లేవా?"

నేను నిజంగానే అరిచాను. ఆవిడ పాఠం కోసం అరిచింది. చుట్టూ కూర్చున్నవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. చివరికి గడ్డం పెద్దాయన లేచి మా ఇద్దరి మధ్యకి వచ్చి, "శాంతించండి, శాంతించండి. ఇంట్లో పిల్లలు వింటారు," అన్నాడు. లేని పిల్లల మాట వినేసరికి నాకు నవ్వొచ్చింది. కోపంగా ఉన్నవాడికి నవ్వు రావడం కంటే అవమానం ఇంకోటి ఉండదు.

క్లాసు అయ్యాక ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీ కోపం చాలా స్పష్టంగా ఉంది. థాంక్స్," అన్నాడు. ఆయన్ని అందరూ తాతగారు అంటారు. కొడుకు ఇక్కడమ్మాయిని చేసుకున్నాడు. మనవరాలికి మన భాష తప్ప ఇంకోటి రాదు. దానితో కబుర్లు చెప్పుకోవడానికని ఈ వయసులో క్లాసుకొస్తున్నాడు.

అందరూ వెళ్లాక టీచర్ తువ్వాలు తీసి మడతపెట్టింది.

"సారీ సార్. డైరెక్టర్ గారు మీకు చెప్పారనుకున్నాను."

క్లాసులో ఏమండీ, క్లాసు అవగానే సార్! అప్పుడే పరిచయమైన మనిషి సార్ అనక ఇంకేమంటుంది? అయినా నాకు చిర్రెత్తింది.

"ఆయన చెప్పరు. ఆయన ఎప్పుడూ సంస్కృతి గురించి ఆలోచిస్తుంటారు," అన్నాను.

ఆవిడ సోఫా చేతి మీద కూర్చుంది. "మీకో మాట చెప్పనా? ఇవాళ మీరు అరిచినంతసేపు వాళ్లు నేర్చుకున్నది నా నెల రోజుల క్లాసుల్లో నేర్చుకోలేదు. బాగున్నారా, దయచేసి కూర్చోండి, ధన్యవాదాలు. ఇవే నేర్పుతున్నాం. బయట ఎవడు మాట్లాడతాడండీ అలా?"

"పోట్లాట నేర్పుతారా ఏంటి?"

"ఎందుకు నేర్పకూడదు? ఇందాక మీకు మంచినీళ్లిస్తానన్న అమ్మాయి డాక్టరు. ఇక్కడ ఆసుపత్రిలో పని చేస్తోంది. మొన్న వార్డులో ఒకాయన గట్టిగా అరిచాడట. కొడతాడేమోనని సెక్యూరిటీని పిలిచి బయటికి పంపించేసింది. తర్వాత నర్సు చెప్పిందట, ఆయన తిట్టడం లేదు, భార్యకి ఏమవుతుందోనని భయంతో అరుస్తున్నాడని. ఈ అమ్మాయి నా దగ్గరకొచ్చి ఎంత ఏడ్చిందో తెలుసా? మన గొంతు పెరిగితే అది కోపమా, భయమా, ప్రేమా వాళ్లకి తెలియాలి. అది ఏ పుస్తకంలోనూ లేదు."

చెబుతుంటే ఆవిడ ముక్కు పుటాలు అదిరాయి. ఒక అపరిచితుడిని అన్యాయంగా బయటికి పంపించారని అంత కోపం తెచ్చుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అప్పుడే నా పని అయిపోయింది. అది ఒప్పుకోవడానికి మాత్రం ఆ తర్వాత చాలా కాలం పట్టింది.

"అకౌంటెంటు గారి మెడ తగ్గేదాకా వస్తాను. ఆ తర్వాత నన్ను పిలవకండి," అన్నాను బింకంగా.

ఆయన మెడ వారం తిరక్కుండానే తగ్గింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

*

అలా మా పోట్లాట పాఠం మొదలైంది. ఏ విషయం మీద పోట్లాడాలో ఆవిడ ముందు రోజు చెప్పేది. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోవడం, చుట్టాలొస్తున్నారని చెప్పకపోవడం, సినిమాకి తీసుకెళ్తానని తీసుకెళ్లకపోవడం. మేం గొడవపడుతుంటే విద్యార్థులు పక్కింటివాళ్లుగా, అత్తగారుగా, వదినగారుగా వచ్చి సర్దిచెప్పాలి. తాతగారికి ఎప్పుడూ పెద్దమనిషి వేషమే కావాలి. డాక్టరమ్మ మాత్రం టీచర్‌కి ఆడపడుచునవుతానంటూ వచ్చి వదినగారి మీద నాకు లేనిపోనివి నూరిపోసేది.

ఆ గంటసేపు ఆవిడ నన్ను ఏమండీ అనేది. గంట కాగానే, "సార్, ఆ ఎడమవైపు లైటు కొంచెం తగ్గిస్తారా?" అనేది. కుళాయి కట్టేసినట్టు ఆ పిలుపు ఆగిపోయేది. ఏ మనిషికైనా ఇంత అన్యాయం జరుగుతుందా అని నేను లైట్లు ఆర్పుకుంటూ కుమిలిపోయేవాడిని.

ఒక సాయంత్రం వాన మొదలైంది. గేటు దగ్గర ఇద్దరం ఇరుక్కుపోయాం.

"గొడుగు లేదా సార్?"

"ఉంది. మన ఇంట్లో ఉండిపోయింది."

నోరు జారిపోయింది. మన ఇల్లంటే స్టేజీ మీది ఇల్లు. ఆవిడ పెదవి కొరుక్కుని, "అయితే మన ఇంటికెళ్లి తెచ్చుకుందాం పదండి," అంది. తెచ్చాం. అది నాటకాల గొడుగు, సగమే తెరుచుకుంటుంది. ఆ సగం గొడుగు కింద బస్టాపు దాకా వెళ్లాం. మీరు తడుస్తున్నారంటే మీరు తడుస్తున్నారని దారంతా పోట్లాడుకుని, చివరికి ఇద్దరం పూర్తిగా తడిశాం.

"ఇది రేపటి పాఠంలో పెడదామా?" అంది బస్సెక్కుతూ.

"వద్దు," అన్నాను. "అన్నీ పాఠాల్లో పెట్టేస్తే మనకేం మిగులుతుంది?"

బస్సు కదిలింది. ఆవిడ కిటికీలోంచి చూసింది. నేను ఆ సగం గొడుగు పట్టుకుని ఇంకో బస్సు వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాను.

*

అప్పుడు మా డైరెక్టర్ గారికి సంస్కృతి గుర్తొచ్చింది.

ప్రధాన కార్యాలయం నుంచి పెద్దలు వస్తున్నారు, మన ఇల్లు వాళ్లకి చూపించాలి అంటూ నన్ను గదికి పిలిపించుకున్నారు. ఆయన నీలం టై సర్దుకుని తలుపేసి కూర్చున్నారు.

"ఏమయ్యా, ఆ ఇంట్లో పోట్లాటలేంటి? నిన్న అటువైపు వస్తూ విన్నాను. ఆ అమ్మాయి నిన్ను చేతుల్లేవా అంటోంది."

"పాఠం సార్."

"పోట్లాట పాఠమా? పరాయి దేశాలవాళ్ల ముందు మన పరువేం కాను? మన ఇళ్లల్లో పోట్లాటలుంటాయా? ప్రేమ, గౌరవం, చిరునవ్వు, ఇవీ మన సంస్కృతి."

ఈ మాట అంటున్నది ఎవరు? రోజూ భోజనాల వేళకి ఫోనులో వాళ్లావిడతో ఈయన పడే గొడవ మా వరండా అంతా వింటుంది. మూడో అంతస్తు వయొలిను మేస్టారు తలుపు మూసుకుంటాడు. అలాంటి మనిషి నా ముందు కూర్చుని చిరునవ్వు గురించి చెబుతుంటే నాకు నెత్తురు సలసలా మరిగింది.

"అసలు ఇది ఎవరి ఆలోచన? ఆ టీచర్‌దేనా? అయితే చెప్పు. ఆవిడ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది. మళ్లీ ఇవ్వాలా వద్దా అని చూస్తున్నాను. ఇలాంటి మనిషిని మాత్రం ఉంచుకోను."

నాకు ఇంకేం తోచలేదు.

"ఆవిడది కాదు సార్. నాదే. ఆవిడ వద్దనే అంది. మొదటి రోజు అరిచింది నేనే, ఎవరినైనా అడగండి."

"నువ్వా?" అని ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశారు. "సరే పో. నీ సంగతి తర్వాత చూస్తాను."

బయటికొస్తుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడకి చెప్పలేదు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఇంత తెలివైన పని చేసిన మొనగాడిని మీరెక్కడైనా చూశారా?

తర్వాతి వారం స్టాఫ్ మీటింగు. డైరెక్టర్ గారు లోపలికొస్తూనే చేతులు చాచి నా వైపే వచ్చారు. డాక్టరమ్మ ఫోనులో తీసిన మా పోట్లాట వీడియో ఎలాగో ప్రధాన కార్యాలయానికి చేరిందట. అక్కడి పెద్దావిడ చూసి మురిసిపోయిందట. ఇలాంటి పాఠం ఏ దేశంలోని కేంద్రంలోనూ లేదందట.

"మిత్రులారా! ఈ అద్భుతమైన పాఠం సృష్టించింది ఎవరో తెలుసా? మన లైట్ల అబ్బాయి! స్వయంగా నాతో చెప్పాడు. నేను మొదటి నుంచీ ప్రోత్సహిస్తున్నాను!"

నా చేతిలో పూలగుత్తి పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను టీచర్ వైపు చూశాను. ఆవిడ కూడా చప్పట్లు కొడుతోంది. నిదానంగా, నన్నే చూస్తూ కొడుతోంది.

వరండాలో పరిగెత్తి పట్టుకున్నాను.

"టీచర్, అది కాదు, అసలు జరిగింది..."

"కంగ్రాట్స్ సార్."

"ఒక్క నిమిషం వినండి!"

"స్టేజీ మీది అన్నారు, సరే మీదే. లైట్లు మీవన్నారు, మీవే. ఈ ఒక్క పాఠం నాది. రాత్రింబవళ్లు ఆలోచించి, వాళ్ల ఏడుపులు విని, తయారు చేసుకున్నాను. అది కూడా మీకే కావాల్సి వచ్చిందా?"

"నేను కావాలనలేదు!"

"పోనీలెండి. ఇంకో ఊళ్లో వేరే కేంద్రం వాళ్లు రమ్మంటున్నారు. పెద్దలు వచ్చే రోజు మాత్రం చేస్తాను, విద్యార్థుల కోసం. ఆ మర్నాడు వెళ్లిపోతాను."

వెనక్కి తిరిగి చూడకుండా వరండా దాటిపోయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. క్లాసులో మాత్రం ఏమండీ అంది. ఎంత బాగా అందంటే, ఆ పిలుపు వింటూ నిలబడడం నాకు నరకమైంది.

డైరెక్టర్ గారి దగ్గరకు వెళ్లి నిజం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

"ఇప్పుడు మారిస్తే బాగుండదయ్యా. పైవాళ్లకి నీ పేరు వెళ్లిపోయింది. వచ్చిన మంచి పేరు కాదనే పిచ్చివాడెవడు? ఆ అమ్మాయి ఎలాగూ వెళ్లిపోతోందిగా."

పాఠం వద్దన్నప్పుడు తప్పు ఆవిడ మీద వేయాలని చూశాడు. పాఠం మంచిదని తేలాక ఆవిడ పేరే లేకుండా చేశాడు. ఇంత జరిగాక కూడా ఆయన టై నలగలేదు. నేను తలుపు గట్టిగా వేసి వచ్చాను. అంతకంటే ఏమీ చేయలేకపోయానని ఇప్పటికీ నామీద నాకే మంట.

*

పెద్దలొచ్చిన రోజు ఆడిటోరియం నిండిపోయింది. ముందు వరుసలో డైరెక్టర్ గారు, ఆయన పక్కన ప్రధాన కార్యాలయం పెద్దావిడ. ఆవిడ జుట్టంతా తెల్లబడింది. మన భాష చక్కగా వచ్చు. ఆవిడ పక్క సీటు మీద రిజర్వుడు అని చీటీ ఉంది. ఆ చీటీ తీసి ఒళ్లో పెట్టుకుని ఇంకో పెద్దావిడ దర్జాగా కూర్చుంది. మా కుర్రాళ్లు లేవమంటే, "మా అమ్మాయి ఆట నేను వెనక నుంచి చూడాలా?" అందట. టీచర్ వాళ్లమ్మ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ గొంతు విన్నవాళ్లెవరూ మళ్లీ లేవమనరు.

తెర లేచింది. నేను లైట్లు వేసి, చెప్పులు స్టాండులో పెట్టి లోపలికెళ్లాను.

"ఏమండీ, ఇంత ఆలస్యమైందేంటి?" అంది.

ఆఫీసులో పని ఎక్కువైంది అనాలి. నోరు తెరిచాను. రేపీపాటికి ఈ ఇంట్లో ఈవిడ ఉండదు అనిపించింది.

"ఆలస్యమే," అన్నాను. "ఎప్పుడో చెప్పాల్సిన మాట చెప్పలేదు."

"ఇది రిహార్సల్లో లేదు," అంది పళ్ల మధ్య నుంచి.

"లేదు. నువ్వు వింటే కదా రిహార్సల్ చేసేది!"

"నేనేం వినాలి? చప్పట్లు విన్నాను, చాలు!"

తాతగారు పెద్దమనిషిగా లేచారు. "శాంతించండి. అసలు ఏం జరిగింది? ముందు అమ్మాయి చెప్పాలి."

"చెబుతాను తాతగారూ. ఈయన నాది తీసుకుని అందరి ముందు తనదని చెప్పుకున్నాడు."

"ఏం తీసుకున్నాడు? చెప్పులా?" అంది డాక్టరమ్మ ఆడపడుచు గొంతుతో. హాల్లో నవ్వులు లేచాయి.

టీచర్ నవ్వలేదు. గట్టు మీది కప్పులు జరిపి వరసగా పెడుతోంది.

"నాదని ఎందుకన్నానో అడగండి తాతగారూ," అన్నాను.

"ఎందుకన్నావు బాబూ?"

"ఆ పాఠం ఆవిడదని తెలిస్తే ఉద్యోగం తీసేస్తానన్నారు. అందుకని నాదన్నాను. తిట్లు నాకు పడతాయనుకున్నాను, పూలగుత్తి పడుతుందని నాకేం తెలుసు?"

ఆవిడ చేతులు ఆగాయి. "ఎవరు తీసేస్తానన్నారు?"

"ముందు వరుసలో ఉన్నారు. నీలం టై."

హాల్లో తలలన్నీ ముందు వరుస వైపు తిరిగాయి. డైరెక్టర్ గారికి ఒక్కసారిగా దగ్గొచ్చింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కానీ ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు.

"అయితే?" అంది టీచర్. "నా ఉద్యోగం సంగతి నేను చూసుకోలేనా? నా పాఠం నాదేనని ఆయన ముందు నిలబడి చెప్పలేనా? నా కోసం అబద్ధమాడమని నిన్నెవరడిగారు? నన్నొక్క మాటడక్కుండా నన్ను కాపాడడానికి నువ్వెవరు?"

ఆవిడ అన్నది నిజం. ఆయన ఆవిడ పేరు తీసేశాడు. ఆయన కంటే ముందే తీసింది నేను. ఆ గదిలో నా నోటితో నేనే తీశాను.

"ఎవరినీ కాను," అన్నాను. "అదే నా బాధ. రోజూ గంటసేపు నీ మొగుణ్ణి. మిగతా రోజంతా ఎవరినీ కాను. నాకిక ఈ గంట చాలదు."

హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అతిథులంతా అందుకున్నారు. "వండర్‌ఫుల్, ఎంత సహజంగా చేశారు!" అని ఎవరో అన్నారు. డాక్టరమ్మ తాతగారి చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మనం ఏమనాలి?" అని గుసగుసగా అడిగింది. తాతగారు తల అడ్డంగా ఊపారు.

"ఆపండి చప్పట్లు!"

కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు అది. అందరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

"ఇది ఆట కాదు. మా అమ్మాయికి నిజంగా కోపం వస్తే గిన్నెలు సర్దుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఎలా సర్దిందో చూడండి!"

అందరూ చూశారు. కప్పులు పెద్దవాటి పక్కన చిన్నవి, చెంచాలన్నీ ఒకే వైపు తిరిగి, మూతలు ఒకదాని మీద ఒకటి. టీచర్ చేతిలో ఇంకో చెంచా ఉంది. గబుక్కున వెనక దాచుకుంది.

వాళ్లమ్మ చీటీ కుర్చీలో పెట్టి, మెట్లెక్కి వచ్చి సోఫాలో కూర్చుంది. నన్ను తేరిపార చూసింది.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"లైట్లు వేస్తానండీ."

"ఆర్పుతావా?"

"ఆర్పుతానండీ."

"మంచిది. మా ఇంట్లో ఎవ్వరూ ఆర్పరు." వెంటనే గొంతు మార్చింది. "నువ్వు చేసింది తప్పా కాదా?"

"తప్పేనండీ."

"మరి ఆ తప్పు గదిలోనే ఆగలేదు. ఊరందరికీ తెలిసింది. మైకులో చెప్పు."

చెప్పాను. ఈ పాఠం టీచర్‌ది, ఆలోచన ఆవిడది, కష్టం ఆవిడది, నేను అరిచినవాణ్ణి మాత్రమే అని హాలంతా మోగేలా చెప్పాను. తెల్ల జుట్టు పెద్దావిడ లేచి డైరెక్టర్ గారి వైపు తిరిగింది.

"ఇది నిజమేనా?"

"ఇదంతా మా కార్యక్రమంలో భాగమే మేడమ్," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖాన చిరునవ్వు కూడా ఉంది!

పెద్దావిడ ఆయన్ని వదిలేసింది. స్టేజీ వైపు చూసింది. "టీచర్ గారూ, ఈ పాఠం మీ పేరుతో అన్ని కేంద్రాలకీ పంపిస్తాం. మీ కాంట్రాక్టు ఇకనుంచి నేనే చూస్తాను. మీరు వెళ్లిపోతున్నారని విన్నాను. ఉంటారా?"

"పోట్లాట ఉన్నదున్నట్టు ఉంటే ఉంటాను," అంది టీచర్. "అందులో చిరునవ్వులు కలపమంటే మాత్రం ఉండను."

ఈసారి మొదట చప్పట్లు కొట్టింది తాతగారు. విద్యార్థులంతా లేచి నిలబడి కొట్టారు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ కొట్టింది.

వాళ్లమ్మ కూతురి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మెల్లగా అడగాలనే అనుకుని ఉంటుంది. కానీ ఆ గొంతు మెల్లగా పలకదు.

"ఈ అబ్బాయి నీకిష్టమేనా?"

టీచర్ చేతిలోని చెంచా అటూ ఇటూ తిప్పింది.

"ఇష్టమే అమ్మా. కానీ కోపం తగ్గలేదు."

"తగ్గేదాకా ఎవరు ఆగమన్నారే? మీ నాన్న మీద నాకు ఇప్పటికీ తగ్గలేదు."

టీచర్ లేచి నా ముందుకొచ్చి నిలబడింది. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది. చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

"ఇంకోసారి నన్నడక్కుండా నా విషయంలో ఏదీ చెయ్యకు."

"చెయ్యను."

"ఏదైనా సరే, ముందు నన్నడగాలి."

"ఇప్పుడే ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

చొక్కాకున్న మైకు ఆపేసి అడిగాను. హాల్లో ఎవరికీ ఏమీ వినపడలేదు. మైకు పని చేయడం లేదంటూ నా హాల్లో నామీదే గోల చేశారు, వెనక వరుసల వాళ్లయితే కుర్చీల చేతులు చరిచారు. చరుచుకోనీండి. జవాబు నాకు వినపడింది.